మీరు లేని మధ్యాహ్నం కోసం: ఎండాకాలంలో ప్లాటు తోటనూ కోళ్లనూ కాపాడుకోవడం ఎలా

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ వైపు మాకు 200 గజాల ప్లాటు ఉంది. ఇల్లు కట్టుకుందామని కొన్నాం. డబ్బులు సమకూరేలోగా ఖాళీగా ఎందుకని 6 మడులు చేసి కూరగాయలు వేశాం, ఓ మూలన గూడు కట్టి 8 కోళ్లను పెట్టాం. ఇల్లు ఇంకా లేవలేదు. తోటకూ కోళ్లకూ మాత్రం ఇది ఆరో ఎండాకాలం.

ఇలాంటి ప్లాట్లు ఉన్నవాళ్లు హైదరాబాద్ చుట్టూ చాలామందే ఉన్నారు. అందరిదీ ఒకటే ఇబ్బంది, మనం అక్కడ ఉండం. పొద్దున ఆరింటికి వెళ్లి ఏడున్నరకల్లా ఆఫీసు దారి పట్టాలి. మళ్లీ సాయంత్రం పొద్దుగూకే ముందు ఓ గంట. ఎండ అసలు రూపం చూపించేది పదకొండు నుంచి నాలుగున్నర దాకా. అప్పుడు మనం ఏసీ కింద ఉంటాం, మొక్కలూ కోళ్లూ అక్కడ ఉంటాయి. అందుకని ఈ రాసేదంతా మీరు లేని ఆ మధ్యాహ్నాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఒంటిగంటకు ఎవరో ఒకరు వచ్చి నీళ్లు చల్లితే తప్ప నడవని ఏర్పాటు ఎంత బాగున్నా పెట్టుకోకండి. ఆ ఒకరు రాలేని రోజే ఎండ 42 దాటుతుంది.

మార్చిలోనే నీళ్ల లెక్క తేల్చుకోండి

ముందు కాగితం మీద లెక్క వేయండి. చలికాలంలో ఒక కోడి రోజుకు పావు లీటరు తాగుతుంది. మే నెలలో అదే కోడికి అర లీటరు కూడా చాలదు. 8 కోళ్లకు 5 లీటర్లు పెడితే నిశ్చింత. అంటే కోళ్ల వాటా పెద్దదేం కాదు, తాగేదంతా తోటే. నా మడి ఒక్కోటి 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మొదళ్లలో వరిగడ్డి పరిచాక ఆరింటికీ కలిపి రోజుకు 100 నుంచి 120 లీటర్లు పడుతున్నాయి. గడ్డి పరచని మొదటి ఏడాది దాదాపు ఇంతకు రెట్టింపు పోశాను, అయినా బీర తీగలు మాడాయి.

మాకు బోరు లేదు. 500 లీటర్ల సింటెక్స్ ట్యాంకు, అప్పుడప్పుడు ట్యాంకర్. ఏప్రిల్ దాకా ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చే ట్యాంకర్, మే వచ్చేసరికి రెండు రోజులు తిప్పించుకుంటుంది. అందుకే ట్యాంకు సగానికి దిగగానే ఫోన్ చేయండి, అడుగంటే దాకా ఆగకండి. ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లను రెండు డబ్బాలు పట్టుకెళ్లినా తోటకు పనికొస్తాయి, వాటిలో ఉప్పు ఉండదు. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం రోజూ ఒకే మడికి పోయకండి. కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది, ఆ ఉప్పుకు చిక్కుడు జాతి ముందుగా దెబ్బతింటుంది.

ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు. మొదటి ఏడాది నల్ల ట్యాంకు ఎండలో పెట్టాను, కోళ్లకు ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పెట్టాను. పక్కన కడుతున్న బిల్డింగ్ వాచ్‌మన్ వాళ్ల అమ్మ, మేమంతా అవ్వా అని పిలుస్తాం, ఒకరోజు సాయంత్రం నన్ను ఆపింది. "సారూ, నీళ్లు వెట్టిపోతున్నవ్ గని కోళ్లు తాగుతలేవు. ఒక్కపారి చెయ్యి వెట్టి సూడు" అంది. పెట్టి చూశాను. స్నానానికి కాచిన నీళ్లలా ఉన్నాయి. డబ్బా నిండా నీళ్లున్నా కోళ్లు దప్పికతోనే ఉన్నాయన్నమాట. నీళ్లు వేడెక్కితే కోడి తాగడం తగ్గించేస్తుంది.

ఆ మర్నాడే రెండు మట్టి మూకుళ్లు, ఒక పాత రంజన్ తెచ్చి గూడుకు తూర్పు వైపు నీడలో పెట్టాను. మట్టి పాత్రకు చెమట పట్టినట్టు నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది, లోపలి నీళ్లు చల్లగా ఉంటాయి. మూకుళ్లు రెండు చోట్ల విడివిడిగా ఉండాలి. ఒకటే పెడితే గట్టి కోడి ఒకటి దాన్ని ఆక్రమించి బలహీనమైనదాన్ని దగ్గరికి రానివ్వదు. ట్యాంకును నీడకు మార్చండి. కుదరకపోతే తెల్ల పెయింట్ వేసి పైన గోనె సంచులు కప్పండి.

పైపు సంగతి కూడా ఇదే. సాయంత్రం వెళ్లగానే నల్లా తిప్పి పైపును మొక్కల మొదట్లో పెట్టకండి. ఎండలో పడున్న పైపులోని మొదటి నీళ్లు వేళ్లను ఉడికిస్తాయి. ఆ నీళ్లు ఒక బకెట్టులోకి పట్టి పక్కన పెట్టి, చల్లని ధార మొదలయ్యాక పోయండి.

నీడ: నడినెత్తి ఎండకంటే పడమటి ఎండ చెడ్డది

గ్రీన్ నెట్ కొనేటప్పుడు ఎండను ఎంత ఎక్కువ శాతం ఆపితే అంత మంచిదని 75 శాతంది కట్టేస్తారు. కాయగూరలకు 50 శాతం నెట్ చాలు. అంతకు మించి వెలుతురు తగ్గిస్తే బెండ, గోరుచిక్కుడు పొడుగ్గా సాగుతాయే తప్ప కాపు ఉండదు. ఆకుకూరలకూ నారుమళ్లకూ 75 పర్వాలేదు. నెట్ కనీసం 7 అడుగుల ఎత్తున ఉండాలి. తలకు తగిలేంత కిందికి కడితే కింద వేడి గాలి కదలక నిలిచిపోతుంది.

పైన కట్టాక డబ్బు మిగిలితే రెండో ముక్క పడమర వైపు తెరలా వేలాడదీయండి. రెండు దాటాక సూర్యుడు పక్క నుంచి కొడతాడు, పై నెట్ దాన్ని ఆపలేదు. సాయంత్రం నాలుగింటికి ఎప్పుడైనా వెళ్లగలిగితే చూడండి, పై నెట్ నీడ పక్కవాళ్ల ప్లాటులో పడి ఉంటుంది.

అసలైన తెర మాత్రం పాదే. జనవరి చివర్లో గూడుకు పడమటి వైపు రెండు సొర పాదులు, రెండు బీర పాదులు పెట్టి తీగల్ని జాలీ మీదికి పాకించండి. ఏప్రిల్ మధ్యకు ఆకు కమ్ముతుంది. నెట్ కింద ఉండే చల్లదనం వేరు, ఆకు కింద ఉండే చల్లదనం వేరు. నా కోళ్లు మధ్యాహ్నం గూట్లో ఉండవు, సొర పాదు మొదట్లో తడి మట్టి గీరుకుని పొట్ట ఆనించి పడుకుంటాయి. ఆ మొదట్లో పోసిన నీళ్లు తీగకూ పోయాయి, కోళ్లకు పరుపూ అయ్యాయి. ట్యాంకర్ నీళ్లతో నడిచే తోటలో ఇలా ఒక్క బకెట్టు రెండు పనులు చేసే చోటు ఎక్కడుందా అని వెతకాలి.

మునగ చెట్టు నీడకు బాగుంటుందని గూడు పక్కనే పెట్టినవాళ్లు మార్చిలో కొమ్మలు కొట్టించండి. మునగ కొమ్మ పెళుసు, గాలికి మొట్టమొదట విరిగేది అదే.

గూడు

పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా చిన్న గోడల మీదే పడతాయి. పొడవు వైపులు రెండూ జాలీతో తెరిచి ఉంచండి, కింద ఒక అడుగు మాత్రం ఇటుక. కోడికి 4 చదరపు అడుగులకు తక్కువ చోటు ఇవ్వకండి. చలికాలంలో ఒకదానికొకటి ఆనుకుని పడుకునే కోళ్లకు ఎండాకాలంలో పక్క కోడి ఒంటి వేడే శత్రువు. కింద వరి ఊక 2 అంగుళాలకు మించకూడదు, మందంగా పోస్తే అదే వేడి పుట్టిస్తుంది.

రేకు పైకప్పయితే సున్నం కొట్టాల్సిందే. సున్నం ముందు రోజు రాత్రి నానబెట్టి, అంటుకోవడానికి కాస్త ఫెవికాల్ కలిపి, రెండు పూతలు వేయండి. కోళ్ల ఫారాల వాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని ఇది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఇళ్ల కప్పుల మీద చేయమంటున్నదీ ఇదే సూత్రం, తెలుపు ఎండను తిప్పికొడుతుంది. సున్నం ఆరాక పైన కొబ్బరి మట్టలో వరిగడ్డో కప్పి తాడుతో కట్టండి.

ఇక తడి గోనెపట్టలు. అందరూ చెప్తారు, పొద్దున తడిపి వేలాడదీయమని. పొద్దున ఏడింటికి తడిపింది పదింటికల్లా ఎండి అట్టలా అవుతుంది, అసలు అవసరమైన టైంకి అది వట్టి గోనె. నేను చేసే ఏర్పాటు చెప్తాను. గూడు పడమటి వైపు, గోనెపట్ట పైఅంచుకు కాస్త ఎత్తులో, 20 లీటర్ల డబ్బా పెట్టండి. పాత నూలు లుంగీని నాలుగు పట్టీలుగా చింపి, ఒక కొస డబ్బా నీళ్లలో అడుగుదాకా ముంచి, రెండో కొస గోనె మీద వేలాడేయండి. దీపం వత్తి నూనె లాగినట్టు ఆ పట్టీలు నీళ్లను లాగి గోనె మీద చుక్కలుగా వదులుతాయి. నాలుగు పట్టీలతో నాకు పొద్దున్నుంచి నాలుగింటి దాకా సరిపోతోంది. మీరు రెండు పట్టీలతో మొదలుపెట్టి సెలవు రోజు చూసుకోండి. నూలు బట్టే కావాలి, పాలిస్టర్ నీళ్లు పీల్చదు.

ఒక్క జాగ్రత్త. ఈ తడి గోనె మంత్రం పనిచేసేది ఏప్రిల్, మే నెలల పొడి ఎండలోనే. వాన పడి ఉక్కపోత మొదలయ్యాక తడి ఆవిరవదు, గూట్లో తేమ పెరిగి కోళ్లకు ఊపిరాడదు. మీ చొక్కా ఒంటికి అంటుకుపోతున్న రోజున గోనెపట్టలు తీసేయండి.

మేత ఏం పెట్టాలన్నదానికంటే ఎప్పుడు పెట్టాలన్నదే ముఖ్యం

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. బయట 40 ఉన్నప్పుడు ఆ వేడి ఎక్కడికి పోవాలి? నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటుంది, తురాయి నుంచీ కాళ్ల నుంచీ కాస్త వదులుతుంది. అంతకుమించి దానికి దారి లేదు.

తిన్న మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది, అది తిన్న కొన్ని గంటలకు ఎక్కువవుతుంది. పొద్దున తొమ్మిదికి తిన్న కోడికి సరిగ్గా ఒంటిగంట, రెండింటికి లోపలి నుంచీ బయటి నుంచీ మంట. కాబట్టి తెల్లారుతూనే, అయిదున్నర ఆరింటికే మేత వేయండి. మీరు ఏడున్నరకు వెళ్లేటప్పుడు మిగిలిన దాణా ఎత్తేయండి. పాపం ఆకలేస్తుందేమో అని వదిలేయకండి. సాయంత్రం ఎండ తగ్గాక మళ్లీ పెట్టండి. మొక్కజొన్న, నూకలు సాయంత్రం పూటకే. పొద్దున లేయర్ దాణా, గంగవాయిలి కూర, తోటకూర కాడలు.

పుచ్చకాయ తొక్కలు రోడ్డు పక్క బండ్ల వాళ్లు ఊరికే ఇస్తారు. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసుకెళ్లి నీడలో వేయండి, సాయంత్రానికి పచ్చటి పైపొర కాగితంలా మిగులుతుంది. టమాటా ఆకులు, కొమ్మలు మాత్రం కోళ్లకు వేయకండి, వాటిలో విషం ఉంటుంది. పండిన కాయలైతే ఫరవాలేదు.

మే నెలలో గుడ్డు పెంకు పల్చబడుతుంది, ఒక్కోసారి చేతిలో పట్టుకుంటేనే పగులుతుంది. కోడికి రోగం వచ్చిందని టెన్షన్ పడకండి. రొప్పి రొప్పి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వదిలేయడం వల్ల పెంకు తయారయ్యే లెక్క తప్పుతుంది, దానికితోడు మేత కూడా తగ్గించి తింటుంది. ఆల్చిప్పల పొడో సున్నపురాయి గుల్లో వేరే మూకుట్లో పెట్టండి, కావలసింది అదే తింటుంది. గుడ్లు రెండు పూటలా ఏరండి. పుంజు ఉన్న గూటిలో మధ్యాహ్నమంతా వేడిలో పడున్న గుడ్డులో పిండం కదలిక మొదలవుతుంది. అసలు గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు, అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. తెల్లారుజామున నాలుగింటి కూత లేకపోతే చుట్టుపక్కల వాళ్లతో స్నేహం కూడా నిలుస్తుంది.

కొత్తగా తెచ్చుకునేవాళ్లు నాటు కోళ్లు తెచ్చుకోండి. లేదా మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ ఉన్నాయి. గుడ్లకు గ్రామప్రియ మేలు. వనరాజా ఒళ్లు బరువు, ఎండకు అది కాస్త ముందే రొప్పుతుంది. ఫారం బ్రాయిలర్ పిల్లల్ని మాత్రం ఈ కాలంలో ప్లాటుకు తేకండి, మధ్యాహ్నం ఎవరూ లేని చోట అవి బతకవు. తెచ్చేది ఏదైనా ఫిబ్రవరిలో తెచ్చి, కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించి, ఎండకు ముందే అలవాటు చేయండి. మే నెలలో పొదుగు కోసం గుడ్లు పెట్టడం కూడా దండగ.

కోడి పడిపోతే

సెలవు రోజు మధ్యాహ్నం మీరు అక్కడే ఉండగా ఒక కోడి మెడ వాల్చి, కళ్లు మూసి, తురాయి పాలిపోయి కనిపించింది అనుకోండి. పరుగెత్తించి పట్టుకోకండి, ఆ పరుగే ప్రాణం తీస్తుంది. మెల్లగా బట్ట కప్పి ఎత్తండి. నీడలో ఒక బేసిన్‌లో మామూలు నీళ్లు పోసి కాళ్లు మునిగేలా నిలబెట్టండి. రెక్కల కింద, తురాయికి తడి చేయండి, అట్టముక్కతో విసరండి. ఐసు నీళ్లలో ముంచితే షాక్ కొట్టినట్టవుతుంది, వద్దు. నోరు తెరిచి నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు చివర నీళ్లకు తగిలించండి, తేరుకోగానే అదే తాగుతుంది. మనుషుల ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినదానికి రెట్టింపు నీళ్లలో కలిపి ఆ పూటకు పెట్టండి, మర్నాటి నుంచి మళ్లీ మంచినీళ్లే. ఒకేసారి రెండు మూడు కోళ్లు పడిపోయినా, మెడ తిప్పేస్తున్నా, పచ్చగా పారుతున్నా అది వడదెబ్బ అనుకుని కూర్చోవద్దు. వాటిని విడిగా పెట్టి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. చచ్చిన కోడిని చెత్తకుప్పలో వేయకండి, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి.

మడులు

ఈ కాలానికి నిలిచేవి బెండ, గోరుచిక్కుడు, దోస, కాకర, బీర, సొర, బచ్చలి, తోటకూర, గోంగూర, గంగవాయిలి. ఇవన్నీ ఫిబ్రవరి లోపు వేళ్లు దిగి ఉండాలి. ఏప్రిల్‌లో విత్తనం వేసి కాపాడతానంటే నెట్ కింద ఆకుకూరల వరకే. టమాటా గురించి చాలామంది బాధపడతారు, పూత వస్తోంది కానీ కాయ పట్టట్లేదని. 35 దాటితే పుప్పొడి పనిచేయదు, ఏ మందు కొట్టినా లాభం లేదు. ఏప్రిల్ చివర్లో మొక్క పీకేసి ఆ నీళ్లు బెండకు పోసుకోవడమే నయం.

నీళ్లు ఎప్పుడు పోయాలి? మధ్యాహ్నం ఆకు వడలడం చూసి కంగారు పడకండి, అది మొక్క తనను తాను కాపాడుకునే తీరు. పొద్దున ఆరింటికి చూడండి. అప్పుడూ వడలి ఉంటేనే దానికి నీళ్లు చాలడం లేదని లెక్క. పోసేటప్పుడు రోజూ పైపైన చిలకరించడం కంటే రోజు విడిచి రోజు పాదు నిండా పోయడం మేలు, వేరు నీళ్ల కోసం కిందికి దిగుతుంది. మా దగ్గరున్న ఎర్ర చల్క నేలలో నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. అందుకే ఒక ట్రాలీ చెరువు పూడిక మట్టి, పశువుల ఎరువు కలిపి వేశాం. ఎండాకాలంలోనే చెరువులు ఎండి ఆ మట్టి దొరుకుతుంది.

ఊరికి పోవాల్సి వస్తే కుండలు పాతండి. రంగు వేయని, నునుపు పూత లేని 5 లీటర్ల మట్టి కుండను మెడ వరకు పాతి, నీళ్లు నింపి, మూత పెట్టండి. చుట్టూ అడుగు, అడుగున్నర దూరంలో ఉన్న మొక్కలకు అది రెండు మూడు రోజులు ఊరిస్తుంది. మూత మర్చిపోతే దోమలు గుడ్లు పెడతాయి. దోమల వల్ల కోళ్లకు అమ్మోరు, అంటే పొక్కుల జబ్బు, కూడా వస్తుంది.

వరిగడ్డి పరచడంలో ఒక తంటా ఉంది. మీరు పొద్దున ముచ్చటగా పరిచిన గడ్డిని కోళ్లు పది నిమిషాల్లో చిమ్మి దారి మీద పోస్తాయి, కింద మొలకలు తినేస్తాయి. నాటు కోడికి మూడడుగుల జాలీ ఒక లెక్క కాదు, ఎగిరి దూకుతుంది. నేను మడుల మీద జాలీని గుడిసెలా వంచి దిగ్గొట్టాను, కోళ్లకు మడుల మధ్య దారులే మిగిలాయి. ఆ దారుల్లో రాలిన పురుగులు, కలుపు మొలకలు అవే తింటాయి. కోడిపెంట తాజాగా మొక్కకు వేయకండి, మామూలు రోజుల్లోనే వేళ్లను కాలుస్తుంది, ఎండల్లో చెప్పక్కర్లేదు. ఎండుటాకులతో పొరలు పొరలుగా నీడలో కుప్ప వేయండి. మార్చిలో వేసింది వానలకు నల్లటి మట్టిలా తయారవుతుంది.

బెండ ఆకు అడుగున సన్న గూడు, పైన చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. పొడి వేడిలో అది చెలరేగుతుంది. తెల్లవారే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి, సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు, పొద్దు వాలాకే. పగలు కొడితే ఆకు మాడుతుంది.

గాలివాన వచ్చే సాయంత్రం

ఎండకు కట్టినవన్నీ గాలికి శత్రువులవుతాయి. ఇది నాకు నా ఖర్చుతోనే తెలిసింది. మూడో ఏడాది నెట్ అస్తమానం జారుతోందని విసిగి, ఇనుప తీగతో బిగించాను. మే మొదటి వారంలో ఒక సాయంత్రం రాళ్ల వాన. నేను వెళ్లేసరికి ఏడు దాటింది, కరెంటు లేదు, ఇంకా ఒకటీ అరా రాళ్లు పడుతుంటే హెల్మెట్ తీయకుండానే లోపలికి నడిచాను. నెట్ చిరగలేదు. తెరచాపలా గాలిని పట్టి రెండు గుంజల్ని మొదలంటా పీకి, సొర పందిరితో సహా గూడు తలుపు మీద పడేసింది. ఫోన్ లైటులో కోళ్లను లెక్కపెడితే ఏడే ఉన్నాయి. ఎనిమిదోది బోర్లాపడ్డ గంప కింద దొరికింది, ఒళ్లంతా తడిసి వణుకుతూ. తువాలులో చుట్టి ఇంటికి తెచ్చి, అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు కింద పెడితే అర్ధరాత్రికి తల ఎత్తింది. పగలు 41 డిగ్రీలు తట్టుకున్న కోడి సాయంత్రం చలికి చావబోయింది.

అప్పటి నుంచి నెట్‌ను జారుముడితోనే కడుతున్నాను. గాలి పట్టు మించితే ముడి జారి నెట్ ఒక పక్కకు ఎగిరిపోతుంది, గుంజలు నిలుస్తాయి. నెట్ ఒకవైపు పైపుకు చుట్టి ఉంటే, తెర మూసినట్టు రెండు నిమిషాల్లో చుట్టేయొచ్చు. రేకులకు మేకులు చాలవు, కొక్కెం బోల్టులు వేసి పైన ఇసుక సంచులు తాడుతో కలిపి రెండు వైపులా వేలాడేయండి. ఊరికే పెట్టిన ఇటుకలు గాలికి లేచి గూట్లో పడతాయి.

మధ్యాహ్నం మూడింటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఉక్కగా ఉందంటే ఫోన్ చూసుకోండి. బేగంపేటలోని వాతావరణ కేంద్రం రాబోయే మూడు గంటలకు హెచ్చరికలు ఇస్తుంది, పిడుగులకు దామిని యాప్ ఉంది. వెళ్లలేకపోతే దగ్గరలో ఉన్నవాళ్లు ఎవరైనా ఒక్క పని చేస్తే చాలు, పడమటి తెర ముడి లాగడం. అవ్వకు ఆ ముడి చూపించి పెట్టాను. నెలకు డజను గుడ్లు ఆమెవి. కోళ్లు మాత్రం మబ్బు పట్టగానే చీకటి పడిందనుకుని వాటంతటవే గూట్లోకి దూరతాయి, ఆ విషయంలో మనకంటే నయం.

రాళ్ల వాన మర్నాడు చిల్లులు పడ్డ ఆకులు చూసి కడుపు తరుక్కుపోతుంది. అయినా కత్తెర పట్టకండి. నాలుగు రోజులు ఆగి, కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తోందో చూసి, విరిగిన కొమ్మలు మాత్రమే తీయండి. మడుల్లో నిలిచిన నీళ్లకు కాలువ తీయండి. ఎర్రమట్టి ఎండాక పైన పెంకు కడుతుంది, దాన్ని తొలికతో పొడిచి గుల్ల చేయండి. గూట్లో తడిసిన ఊక అదే రోజు ఎత్తేయాలి, తడి ఊకలో పుట్టే రోగాలు ఎండకంటే ఎక్కువ కోళ్లను తీసుకుపోతాయి, ముఖ్యంగా పిల్లల్ని, రక్తం పారుతూ.

రోహిణి నుంచి మృగశిర దాకా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే 25 నుంచి ఆ రెండు వారాలు కొత్త పని ఏదీ పెట్టుకోకండి, ఉన్నవాటిని నిలబెట్టుకుంటే చాలు. ఒక్కటి మాత్రం చేయండి. వంకాయ, మిర్చి, టమాటా విత్తనాలు నీడలో ట్రేలలో పోయండి, నాలుగు వారాలకు నారు నాటడానికి వస్తుంది, అప్పటికి వానలు పట్టుకుంటాయి. పాములు కూడా ఈ రోజుల్లోనే చల్లదనానికి మూకుళ్ల దగ్గరికి, గుడ్లకు గూట్లోకి వస్తాయి. ఇటుకల కుప్పలు తీసేయండి, చీకట్లో టార్చి, కాళ్లకు బూట్లు లేకుండా తిరగకండి, గుడ్ల పెట్టెలో చూడకుండా చేయి పెట్టకండి.

మృగశిర ప్రవేశించి రెండు మంచి వానలు పడ్డాక నెట్ విప్పి, ఉతికి, ఎండబెట్టి మడిచి పెట్టండి. కోళ్లకు నట్టల మందు వేయించండి, గూట్లో పాత ఊక మొత్తం ఎత్తి నేలకు సున్నం కొట్టండి. లుంగీ పట్టీలు తీసి దాచండి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి. ఆ మొదటి వాన సాయంత్రం వీలైతే చీకటి పడ్డాక ఓ అరగంట ఉండండి. గూడు బయట బల్బు వెలిగించి కింద తెల్ల బకెట్టులో నీళ్లు పెడితే ఉసిళ్లు వచ్చి పడతాయి. మర్నాడు తెల్లారగానే ఆ బకెట్టు వంచితే, రెండు నెలలుగా సగం మేత వదిలేసిన కోళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వస్తాయి.